పొయ్యి మీద యాపిల్, ఫ్రీజర్‌లో సీతాఫలం

అక్టోబర్ 3, రాత్రి

దసరా అయిపోయింది, ఇంట్లో యాపిల్స్ మాత్రం ఐదు కిలోల పైన మిగిలాయి. పండక్కి వచ్చిన చుట్టాలందరూ అవే తెచ్చారు. ఈ నెలల్లో సిమ్లా యాపిల్, కశ్మీర్ యాపిల్ లారీలకు లారీలు దిగుతాయి కదా, మా జడ్చర్లలో తోపుడు బండ్ల మీద కూడా చవకగానే ఉంటాయి, కాబట్టి ఎవరు గడప తొక్కినా చేతిలో అదే కవరు. రోజుకు నాలుగు కోసిపెట్టినా తినే దిక్కు లేదు, ఎల్లుండి సాయంత్రానికి చిన్నోడిని గురుకులంలో దిగబెట్టాలి.

ఈ జూన్‌లోనే ఐదో తరగతిలో చేరాడు. ఇల్లు విడిచి ఉండటం వాడికిదే మొదలు. బతుకమ్మ సెలవులకు ఇంటికి వచ్చిన రోజే సంచి కింద పెట్టకముందే అడిగాడు, "అమ్మా, సీతాఫలాలు వచ్చినయా?" అని. రాలేదు. మా వైపు గుట్టల మీద కాయ దసరాకు కండ్లు విచ్చడం (బొడిపెల మధ్య గీతలు విడిపోవడం) మొదలుపెట్టి దీపావళి దాకా జోరుగా దిగుతుంది, అంటే సరిగ్గా బడి మళ్ళీ తెరిచాకే. పోయిన ఏడాది దాకా వాడు ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు కాబట్టి ఈ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు తడుతోంది, చాలా గట్టిగానే.

అందుకే ఇది మొదలుపెడుతున్నా. రెండు పనులు. ఒకటి, ఈ యాపిల్స్‌ని ఫ్రిజ్ లేని హాస్టల్ పెట్టెలో నిలవుండేలా చేసి పంపాలి. రెండు, సీతాఫలాన్ని సంక్రాంతి సెలవుల దాకా ఎలాగైనా ఆపాలి. ఏ రోజు ఏం చేశానో, ఏం చెడగొట్టానో రాసుకుంటా.

అక్టోబర్ 4

జామ్ చేశా. రెండు కిలోల యాపిల్స్. పైన మైనం పూత ఉంటుంది, గోరుతో గీకితే తెల్లగా లేస్తుంది, అందుకని గోరువెచ్చని నీళ్ళలో రుద్ది కడిగి తొక్క తీసేశా. తొక్క, గింజల గూడు తీశాక 1.6 కిలోలు తేలింది. ఆ తొక్కల్ని, గూళ్ళని పారేయలేదు, పలచటి బట్టలో మూటకట్టి ముక్కలతో పాటే గిన్నెలో వేశా. జామ్ గట్టిపడేది పెక్టిన్ వల్ల, అది యాపిల్‌లో ఎక్కువగా ఉండేది ఆ తొక్కలోనూ గూడులోనే. మామిడి జామ్ చేసేటప్పుడు ఈ బాధ వేరు, ఇక్కడ పండే మనకు సాయం చేస్తుంది.

ముక్కలు మెత్తబడ్డాక మూట పిండి తీసేసి, పప్పుగుత్తితో మెదిపి, 1.2 కిలోల చక్కెర, మూడు నిమ్మకాయల రసం, రెండు లవంగాలు. చక్కెర అంతా ఎందుకని అత్తమ్మ అడిగింది. నిలవుండేదే దానివల్ల, తగ్గిస్తే హాస్టల్‌లో వారానికే బూజు పడుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకునేదైతే నేనూ తగ్గించేదాన్ని.

మధ్యలో ఫోన్ రావడం, చిన్నోడి యూనిఫాం బొత్తాలు కుట్టడం, ఈ గొడవలో చిక్కబడిందనుకుని దించేశా. గాజు సీసాలు పది నిమిషాలు నీళ్ళలో మరిగించి ఆరబెట్టి పెట్టుకున్నవే, వేడి వేడిగా నింపి మూతలు బిగించా.

అక్టోబర్ 5, పొద్దున

సీసా వంచితే షర్బత్‌లా జారింది. నాలుగు సీసాలూ మళ్ళీ గిన్నెలోకి. ఈసారి పద్ధతిగా చేశా: స్టీలు పళ్ళెం ఒకటి ఫ్రీజర్‌లో పెట్టి, దాని మీద ఒక చుక్క వేసి, అర నిమిషం ఆగి వేలితో తోస్తే చుక్క మీద ముడత పడాలి. మొదటిసారి వేలు దాంట్లోంచి నేరుగా పోయింది. ఇంకో ఐదు నిమిషాలకు అంచు కొంచెం నిలబడింది. పన్నెండో నిమిషానికి పైన పలచటి పొరలా ముడత వచ్చి, తోసిన దారి అలాగే ఉండిపోయింది. అదీ గుర్తు. గిన్నెలో ఉన్నప్పుడు ఎప్పుడూ పలచగానే కనిపిస్తుంది, చల్లారాకే అసలు సంగతి తెలిసేది, గిన్నెలోకి చూసి దించకూడదు.

సీసాలు మళ్ళీ మరిగించి నింపా. రంగు తేనె కంటే కొంచెం ముదురు. రెండు సీసాలు పెట్టెలో బట్టల మధ్య పెట్టి పంపా, తడి చెంచా పెట్టొద్దని నాలుగుసార్లు చెప్పా. గేటు దగ్గర వాడు వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు, జూన్‌లో అయితే ఏడ్చాడు. ఇది మంచిదే కదా అని దారి పొడుగునా మా ఆయన అంటూనే ఉన్నాడు.

అక్టోబర్ 6 నుంచి 10

మిగిలిన మూడు కిలోలు ఎండబెట్టే పని. యాపిల్‌లో దాదాపు 85 శాతం నీళ్ళే, అది పోగొట్టడమే మొత్తం పని. గాజుల్లా గుండ్రంగా, రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందంలో కోసి, నిమ్మరసం కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ముంచా. కోసిన యాపిల్ నల్లబడేది గాలి తగిలి, దానిలోని ఎంజైము పనిచేయడం వల్ల, నిమ్మ పులుపు దాన్ని అణుస్తుంది. తర్వాత వడియాలు పెట్టే నూలు చీర డాబా మీద పరిచి ముక్కలు ఆరేసి, ఈగలు వాలకుండా పైన దోమతెర కప్పా.

మొదటి రోజు ఎండ బ్రహ్మాండం. రెండో రోజు మధ్యాహ్నం నుంచి మబ్బు, సాయంత్రం వాన. పరుగెత్తి మూటగట్టి లోపలికి తెచ్చా, అదే తప్పయింది, మూటలోనే రాత్రంతా వదిలేశా. తెల్లారి చూస్తే నడుమ ముక్కల మీద తెల్లటి నూగు. బూజు గీకేసి వాడుకుందామని అత్తమ్మ అంది, నేను ఒప్పుకోలేదు, పైన కనిపించేది గీకినా లోపలికి పోయింది పోదు, పైగా పిల్లల నోట్లోకి వెళ్ళేది. మూడో వంతు పారబోశా. మనసు చివుక్కుమంది.

మిగిలినవి హాల్లో మంచం మీద విడివిడిగా పరిచి ఫ్యాను కింద ఒక రాత్రి, మళ్ళీ రెండు ఎండలు. వంచితే తోలులా వంగాలి, చించితే తడి కనిపించకూడదు. తూచితే 270 గ్రాములు! ఇంత కష్టానికి ఒక్క చిన్న డబ్బా. గాజు సీసాలో పోసి రోజూ కుదిపి చూస్తున్నా, లోపల గోడకు చెమ్మ పడితే ఇంకా ఎండలేదని అర్థం. పడలేదు.

అక్టోబర్ 11, రెండో శనివారం

పేరెంట్స్ వెళ్ళి చూసే రోజు. ఎండు ముక్కలు ఇచ్చా, అక్కడే చింత చెట్టు కింద కూర్చుని ఇద్దరు దోస్తులతో కలిసి సగం లాగించేశాడు. జామ్ ఒక సీసా అప్పుడే ఖాళీ, గది మొత్తం తిన్నారట. మంచిదే.

లేచేటప్పుడు మళ్ళీ అదే ప్రశ్న. "సీతాఫలాలు వచ్చినయా అమ్మా?" వచ్చినయి. హైవే పొడుగునా గంపలే గంపలు. రెండు తెచ్చిద్దామనుకున్నా, కానీ పొద్దున ఇంట్లో ఉన్నవి ఇంకా రాళ్ళే, మాగలేదు. సంక్రాంతికి వచ్చేసరికి నీకోసం దాచి ఉంచుతా అని మాటిచ్చేశా. పండు పోయాక రెండు నెలలకా అని వాడు నా మొహం చూశాడు.

అక్టోబర్ 13

బాలానగర్ వైపు వెళ్ళి గంప తెచ్చుకున్నా. సీతాఫలంలో బాలానగర్ అనేది పేరున్న రకం, మన మహబూబ్‌నగర్ జిల్లా ఊరి పేరే దానికి పెట్టారు, కానీ రోడ్డు మీద మనకు దొరికేది ఎక్కువగా గుట్టల మీద దానంతటది మొలిచిన చెట్ల కాయ. మేకలు ఈ ఆకు ముట్టవు, అందుకే వేరే పచ్చదనమంతా పోయినా బోడి గుట్టల మీద, పొలం గట్ల మీద సీతాఫలం చెట్టు మాత్రం మిగులుతుంది. తండా నుంచి వచ్చిన ఒక అక్క తెల్లారుజామున గుట్ట ఎక్కి తెంపుకొచ్చిందట. కాయ ఎలా ఎంచాలో ఆమే చూపించింది. బొడిపెల మధ్య గీతలు విడిపోయి, ఆ సందు మీగడ రంగులోకి తిరగాలి. "కండ్లు తెర్వని కాయ ఎన్ని దినాలు పెట్టినా పండదక్కా, నల్లగై ఎండిపోతది" అంది. తీసిపారేయాల్సినవి ఆమే తీసి పక్కన పెట్టింది.

ఇంటికి తెచ్చాక వడ్లగడ్డి పరిచిన గోనెసంచిలో మాగబెట్టా. అన్నీ ఒకేసారి పండితే చేతికి అందవని, ఎనిమిది కాయలు తీసి ఫ్రిజ్‌లో పెట్టా, వాటిని తర్వాత చూసుకుందామని.

అక్టోబర్ 16

ఫ్రిజ్‌లో పెట్టిన ఎనిమిదీ పోయినట్టే. తోలు బొగ్గులా నల్లబడింది, నొక్కితే గట్టి, బయట పెట్టి చూసినా లోపల బెండులా ఉంది, తీపి లేదు. పచ్చికాయకు చలి పడదు, లోపల పండే గుణమే చచ్చిపోతుంది. పండాక కావాలంటే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, పండకముందు మాత్రం వద్దు.

గోనెలోవి బాగా పండాయి. ముట్టుకుంటే విడిపోయేంత. ఇప్పుడు గింజలు తీయడం. ఈ ఒక్క పని గురించి ఎంత రాసినా తక్కువే. మా పక్కింటావిడ మిక్సీలో పల్స్ మీద రెండు తిప్పులు తిప్పితే గింజలు వదిలేస్తాయని చెప్పింది. తిప్పా. నాలుగు గింజలు పగిలాయి, మొత్తం పారబోశా. సీతాఫలం గింజ విషం, పల్లెల్లో పేలకు నూరి రాసేది అదే, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. అలాంటిది పిల్లలు తినేదాంట్లో పొడిగా కలిసిపోతే ఇంకేముంది. మిక్సీ ఈ పనికి పనికిరాదు, చెప్పినవాళ్ళకు కూడా చెప్పేశా.

చేత్తోనే చేయాలి. చెంచాతో గుజ్జు తీసేటప్పుడు తొక్కకు అంటుకున్నది గీకకూడదు, అక్కడే ఇసుక ఇసుకగా నోటికి తగిలేది ఉంటుంది, త్వరగా నల్లబడేదీ అదే. తీసిన గుజ్జును పెద్ద కంతల జల్లెడలో వేసి, చేతి వేళ్ళతో గుండ్రంగా మెల్లగా తిప్పుతుంటే గింజ మీది పలచటి సంచి చిట్లి, తెల్లటి గుజ్జు కిందికి జారుతుంది, నున్నటి నల్ల గింజ చేతిలో మిగులుతుంది. రవ్వంత ఎక్కువ ఒత్తితే ఆ తెల్ల పొర కూడా వచ్చేసి పీచుపీచుగా అవుతుంది. అత్తమ్మ చేతికి ఈ లెక్క పది నిమిషాల్లో వచ్చింది, నాకు గంట పట్టింది. ఆరు కిలోల కాయకు 2.25 కిలోల గుజ్జు.

యాపిల్ జామ్ కుదిరింది కదా అని దీంట్లోంచి పావుకిలో పొయ్యి మీద పెట్టా. సన్న మంట మీదే. మొదట మంచి వాసన, కాసేపటికి మీగడ రంగు కాస్తా గులాబీ గోధుమలోకి తిరిగింది, ఇంకాసేపటికి వాసన మారింది, నాలుక మీద పెడితే చేదు. చక్కెర వేసినా పోని చేదు. ఇక అర్థమైంది, యాపిల్‌ను కాపాడేది నిప్పు, సీతాఫలానికి అదే శత్రువు. ఐస్‌క్రీమ్ చేసేవాళ్ళు కూడా గుజ్జును ఉడకబెట్టకుండా చివర్లో చల్లగానే ఎందుకు కలుపుతారో ఈ చేదు తిన్నాక తెలిసింది. దీనికి ఉన్న దారి చలి ఒక్కటే.

మిగిలిన రెండు కిలోలు నాలుగు భాగాలు. ఒకటి ఉత్త గుజ్జు. ఒకటి నిమ్మరసంతో. ఒకటి చక్కెరతో. ఒకటి కొంచెం చక్కెర, కొంచెం నిమ్మ, పైన గాలి చొరబడకుండా ప్లాస్టిక్ కాగితం గుజ్జుకు ఆనేలా పరిచి. డబ్బాల మీద పేర్లు రాసి ఫ్రీజర్‌లో పెట్టా.

అక్టోబర్ 26

దీపావళి హడావిడి అయ్యాక నాలుగు డబ్బాలు బయటికి తీసి, ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా కరగనిచ్చి, పొద్దున అందరం చెంచాలు పట్టుకుని కూర్చున్నాం.

ఉత్త గుజ్జు పైన అంగుళం మేర టీ రంగు, కింద బాగానే ఉంది, రుచి మాత్రం నాలుగింటిలో అసలు పండుకు దగ్గరగా ఉన్నది ఇదే. నిమ్మది తెల్లగా ఉంది కానీ చేయి ఎక్కువైంది, పులుపు తెలిసిపోతోంది. చక్కెరది మెత్తగా, గడ్డకట్టిన పలుకులు లేకుండా ఉంది కానీ మరీ తీపి, సీతాఫలమే తీపి, దానికింకా చక్కెరా అని మామయ్య పక్కకు పెట్టేశారు. నాలుగోది అందరికీ నచ్చింది, పై పొర కూడా రంగు మారలేదు. కాబట్టి కిలో గుజ్జుకు 100 గ్రాముల చక్కెర, ఒక చిన్న నిమ్మకాయ రసం, పైన గాలి ఆడకూడదు. ఇదే మా లెక్క.

అక్టోబర్ 28 నుంచి నవంబర్ 5

మూడు విడతలుగా ఇంకో 15 కిలోల కాయ తెచ్చాం. ఆ తండా అక్క మమ్మల్ని గుర్తుపట్టి కండ్లు బాగా విచ్చినవి విడిగా దాచి పెట్టింది. ధర విషయంలో నేను బేరం ఆడలేదు. చీకట్లో గుట్ట ఎక్కి, ముళ్ళల్లో దూరి, గంప నెత్తిన పెట్టుకుని దిగివచ్చే మనిషి, రెండు రోజుల్లో అమ్ముడుపోకపోతే మొత్తం మెత్తబడి పోయే సరుకు, దాని దగ్గర బేరమేంటి.

డబ్బాలు మానేసి జిప్ కవర్లు వాడా. ఒక్కో కవర్లో పావుకిలో, గాలంతా ఒత్తి తీసేసి, వేలు మందాన పలచగా చదును చేసి, పళ్ళెం మీద పడుకోబెట్టి గడ్డకట్టించి, తర్వాత నోటు పుస్తకాల్లా నిలబెట్టా. పలచగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది, తొందరగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, కరిగాక నీళ్ళు ఊరవు. పావుకిలో ఎందుకంటే ఒకసారి కరిగించింది ఆ రోజే తినేయాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు.

మొత్తం 22 కవర్లు. ప్రతిదాని మీద తేదీ.

నవంబర్ 19

ఈ రోజు టెన్షన్ పెట్టింది. మా వీధిలో పొద్దున పదింటికి పోయిన కరెంటు సాయంత్రం నాలుగున్నర దాకా రాలేదు. ఫ్రీజర్ తలుపు ఎవరూ తెరవకుండా దాని మీద కాగితం అంటించా. ఫ్రీజర్ నిండా ఉంటే ముట్టుకోకపోతే రెండు రోజుల దాకా చలి నిలుస్తుంది, సగమే ఉంటే ఒక రోజు. అందుకే ఖాళీ ఉన్న మూలల్లో ముందే నీళ్ళ సీసాలు పెట్టి గడ్డకట్టించి ఉంచా, ఆ పని చేసినందుకు ఇవాళ ఊపిరి పీల్చుకున్నా. కరెంటు వచ్చాక చూస్తే కవర్లు అన్నీ రాయిలా ఉన్నాయి, అంచులు కూడా మెత్తబడలేదు.

జనవరి 11

నిన్న సాయంత్రం వచ్చాడు. రాగానే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళలేదు, మరిచిపోయాడనుకున్నా. అన్నం తిన్నాక మెల్లగా వచ్చి, "నిజంగా దాచినవా?" అన్నాడు. ఫ్రీజర్ తెరిచి చూపించా. వరసగా నిలబడ్డ కవర్లు, అన్నిటి మీదా నా రాత. ఒకటి తీసి చెంపకు ఆనించుకున్నాడు.

రెండు కవర్లు రాత్రే కింది అరలో పెట్టా. పొద్దున బాసుందిలో కలుపుదామని పాలు సగానికి మరిగించి, తొందరపడి వేడి మీదే గుజ్జు వేసేశా. విరిగిపోయాయి. గుజ్జులో నిమ్మరసం ఉందన్న సంగతే మరిచిపోయా! మళ్ళీ పాలు తెప్పించి, మరిగించి, పూర్తిగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత కలిపితే చక్కగా వచ్చింది. ఎవరైనా చేస్తే పాలు చల్లగా ఉన్నాకే కలపండి.

కానీ బాసుందికన్నా ముందు వాడు ఉత్త గుజ్జే గిన్నెలో వేసుకుని తిన్నాడు. మూడు చెంచాలు తిని, ఆగి, గిన్నెలో కలియబెట్టి చూశాడు.

"గింజలేవి?"

తీసేసినం బిడ్డా, గంటలు గంటలు కూర్చుని తీసినం అని వాళ్ళ నాయనమ్మ చెప్పింది.

"అయ్యో, ఎందుకు తీసిన్రు? గింజ ఉమ్మకుండ సీతాఫలం ఏంది?" అన్నాడు. వాడి గొంతులో నిజమైన బాధ. నాకప్పుడు గుర్తొచ్చింది, వాకిట్లో కూర్చుని గింజ ఎవరిది ఎంత దూరం పోతుందో అని వాడూ వాళ్ళ తాతా పందెం వేసుకోవడం, తులసికోట దాటితే గెలిచినట్టు. తెల్లారి వాకిలి ఊడుస్తూ నేను విసుక్కున్న గింజలవి.

గిన్నె మాత్రం ఖాళీ చేశాడు, ఇంకో కవరు కూడా అడిగాడు. ఇంకా 19 ఉన్నాయి, సెలవులకు సరిపోతాయి. వచ్చే అక్టోబర్‌కు ఇప్పుడే రాసుకుంటున్నా: బాగా పండిన కాయల్లోంచి తొనలు గింజతో సహా విడదీసి, పళ్ళెం మీద ఒకదానికొకటి తగలకుండా గడ్డకట్టించి, కనీసం ఐదు కవర్లు అలా పెట్టాలి.

(మిగిలిన జామ్ సీసా నిన్ననే తెరిచాం. మూడు నెలలు దాటింది, బయట అలమారలోనే ఉంది, బాగుంది.)